బావి తవ్వినవాడూ, తలుపు మూయని తల్లీ

దోర్నపాల్, బస్తర్ సంస్థానం
అక్టోబరు నెలాఖరు, 1943

భద్రక్కకు సోమమ్మ రాసేది.

నీ ఉత్తరాలన్నీ అందినయి. దేనికీ జవాబు రాయలేదని కోపం పెట్టుకోకు. పాప శబరి పోయినప్పటి నుంచి కాగితం ముందు పెట్టుకుంటే మొదటి మాటే తోచేది కాదు. "ఇక్కడ క్షేమం" అని ఎట్ల రాయను? ఇయ్యాల రాయడానికి ఒక సంగతి దొరికింది. సినిమా సంగతి. నవ్వకు.

దసరాకు జగదల్పూరు పోయినం. పండగ రథానికి మా డిపో నుంచి గూడ కలప పోతది గదా, అది అప్పజెప్పి రావాలని మీ మరిదికి హుకుం వచ్చింది. నన్ను ఒక్కదాన్ని ఇంట్ల ఉంచడానికి మనసొప్పక వెంట తీసుకపోయిండు. పెట్రోలు లేక బొగ్గు గ్యాసు మీద నడిచే లారీల, దుంగల మీద కూచొని పోయినం. పండగ అయిపోయినంక మైదానంల డేరా వేసి బొమ్మ ఆడించిన్రు. హిందీ బొమ్మ. నాకు సగం అర్థమైంది, మిగతాది ఆయన చెప్పిండు. చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు గూడ.

ఒక ఊర్ల నీళ్లు లేవు. అన్నదమ్ములిద్దరు బావి తవ్వుతరు. జల పడ్డ రోజే మట్టి కూలి తమ్ముడు లోపలనే ఉండిపోతడు. అది మొదట్లనే అయిపోతది. ఇగ అక్కడి నుంచి ఆ అన్న బావి కాడ కూచోవుడే బొమ్మంత. దారిన పోయేటోళ్లకు నీళ్లు తోడి పోస్తడు. తను మాత్రం ఆ నీళ్లు ముట్టడు. తన దూపకు దూరంగ ఉన్న వాగుకు నడిచి పోతడు. తాడు కిందికి పోతది. కడవ నిండిన చప్పుడు. మళ్ల తాడు పైకి వస్తది. అంత సేపూ మనకు తాడే చూపిస్తరు అక్కా, ఇంకేమీ చూపించరు. జనం ఈలలు వేసిన్రు. "దీనికేంది, మా ఇంటెనక గూడ బావి ఉన్నది" అని ఒకడు అరిచిండు. సగం మంది లేచిపోయిన్రు.

మేము లేవలేదు. నా పక్కన ఆయన భుజాలు కదులుతున్నయి. పాప పోయిన రోజు గూడ ఏడవని మనిషి, నోట్ల కండువా కుక్కుకొని ఏడుస్తున్నడు.

ఇగ చివర ఉందనంగ బొమ్మ ఆడించే ఇంజను ఆగిపోయింది. ఎంత తిప్పినా నడవలేదు. పొమ్మన్నరు. ఆ అన్న చివరికి ఏమైండో మాకు తెలవదు. మర్నాడు లారీల వస్తుంటే ఆయనే అన్నడు: "వాడు అక్కడనే ఉంటడు సోమూ. యాడికి పోతడు?" నా పేరు పెట్టి పిలిచి ఎన్నాళ్లయిందో. ఆ ఒక్క మాటతోటి గట్టు తెగినట్టు మాట్లాడిండు. జ్వరం వచ్చిన రోజు దవాఖానకని బండి సుక్మా దిక్కు కాకుండ కోంట దిక్కు తిప్పి ఉంటే పిల్ల బతికేదట. సుక్మా తొవ్వల వాగు అడ్డం పడ్డది. నీళ్లు తగ్గుతయని ఒడ్డున బండి ఆపుకొని చూస్తుంటే బండిలనే పాయె. కోంట దిక్కు వాగులు లేవా? ఉన్నయి. ఆ మాట నేను అనలేదు.

ఏటి పేరే పెట్టుకున్నం, ఏటి ఒడ్డుననే మట్టిల పెట్టినం. ఇంటికి రాంగనే సంచి గూడ దించకుండ అక్కడికే పోయిండు.

నువ్వు రాజమండ్రిల ఉంటవు, సినిమాలు చూస్తవు. ఏమీ జరగకుండ, పోయినోళ్ల గురించే కూచొని ఆలోచించే బొమ్మ ఎప్పుడన్న చూసినవా? చూస్తే రాయి. చివర ఏమైతదో గూడ రాయి.

నీ చెల్లె
సోమమ్మ


రాజమండ్రి
డిసెంబరు 1943

సోమూ, నా తల్లీ,

నీ చేతిరాత చూడగానే ప్రాణం లేచొచ్చింది. నీకు ఏం రాయాలో తెలీక ఇన్నాళ్ళూ ఊళ్ళో కబుర్లూ వాతావరణం రాశాను. ఇకనుంచి సినిమాలే రాస్తాను.

చూశానే అలాంటిది! మొన్ననే మీ బావా నేనూ కుర్చీ టిక్కెట్టు తీసుకుని వెళ్ళాం. తెలుగు సినిమా. ఒక తల్లీ, ఒక కూతురూ. ఏదో చిన్నమాట పట్టింపు వచ్చి కూతురు ఇల్లు వదిలి వెళ్ళిపోతుంది. ఆ రోజునుంచి తల్లి వీధి తలుపు మూయదు. పిల్ల వచ్చేసరికి తలుపు వేసుంటే వెనక్కి పోతుందని భయం. జల్లు లోపలికి కొడుతుంది. కుక్కలు వచ్చి పడుకుంటాయి. ఒకసారి దొంగ కూడా వచ్చి, ఆవిడ గడపలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుకుంటుంటే పలకరించి వెళ్ళిపోతాడు. నీ సినిమాలో తాడు ఎలాగో ఇందులో గడప అలాగ. ఎంతసేపూ ఆ గడపా, దాని మీద పడే ఎండా. ఎండ జరిగితే మధ్యాహ్నం అయిందన్నమాట.

చివర చెప్పమన్నావుగా. ఒకరోజు పొద్దున్నే ఆవిడ లేచి ఇల్లంతా తుడుస్తుంది. కూతురి చీర మడతపెట్టి పెట్టెలో పెడుతుంది. బయటికొచ్చి తలుపు దగ్గరికి లాగి, తాళం వేసి, మెట్లు దిగి వెళ్ళిపోతుంది. ఎక్కడికో చూపించరు. వీపు మాత్రం కనిపిస్తుంది. హాల్లో ఎవ్వరూ కదల్లేదు.

మీ బావి మనిషి మీద నాకు జాలి లేదు సోమూ. దారిన పోయే అందరి దాహం తీరుస్తాడు, తన గొంతు మాత్రం ఎండబెట్టుకుంటాడు. ఎవరికోసం? పోయినవాడు అడిగాడా? నా తల్లే నయం. చూసినన్నాళ్ళు చూసింది, ఇక చాలనుకుంది, లేచింది. ఈ మాట మరిది గారికి చదివి వినిపించు. కోపం వస్తే నన్ను తిట్టమను.

ఒంట్లో ఎలా ఉంటోంది? క్వినైను వేసుకుంటున్నావా?

అక్క
భద్రమ్మ


దోర్నపాల్
ఫిబ్రవరి 1944

భద్రక్కా,

నీ ఉత్తరం చదివి వినిపించిన. మా ఇంట్ల పెద్ద కొట్లాట అయింది.

"బిడ్డ కోసం తీసి పెట్టిన తలుపు మూసిన మనిషి తల్లేంది?" అన్నడు మీ మరిది.

"ఎన్నాళ్లు కూచుంటది ఆ చలిల?" అన్న.

"కూచోవాలె. ఆమె పోయిన తెల్లారే కూతురు వస్తే?"

"రాకపోతే?"

"రాకపోయినా కూచోవాలె. కూచునుడే ఆమె పని."

అట్లనే రెండు పూటలు వాదులాడుకున్నం. అన్నం కాడ తాడు, తలుపు. డిపో నుంచి రాంగనే తాడు, తలుపు. బావి బొమ్మల మనిషి చేత పని చేయిస్తది దుఃఖం, తలుపు బొమ్మల ఉత్తగ కూచోబెడుతది, అందుకే ఆ తల్లి లేచి పోగలిగింది అంటడు. పని ఉన్నోడు లేవలేడట. ఆలోచిస్తే అది నిజమే అనిపిస్తది. పాప పేరు ఇద్దరం ఎత్తలేదు. ఎత్తకుండనే పొద్దంత ఆమె గురించే మాట్లాడుకున్నం. ఏడాది నుంచి మా ఇంట్ల ఇన్ని మాటలు లేవు.

అయితే ఒకటి చెప్పాలె. జగదల్పూరు కచేరికి బదిలీ చేస్తమని సాహెబు కాగితం పంపిండు. అక్కడ దవాఖాన ఉన్నది, బజారు ఉన్నది, మనుషులున్నరు. ఈయన నాతోటి ఒక్క మాట అనకుండ "ఇక్కడనే ఉంటను" అని తిప్పి పంపిండు. డిపో చప్రాసీ చెప్తే నాకు తెలిసింది. అడిగితే, "పాపను ఒక్కదాన్ని వదిలి యాడికి పోదాం?" అన్నడు. ఇల్లు, డిపో, ఆ ఒడ్డు. ఈ మూడే ఆయన లోకం. నాకు గూడ అంతే.

ఇగ అసలు మాట. నాకు మూడు నెలలు నిండినయి అక్కా. ఆయనకు ఇంకా చెప్పలేదు. మా ఇంట్ల పని చేసే నందే నా మొకం చూసే కనిపెట్టింది. "అమ్మా, ఈసారి వానలల్ల కంటవు" అన్నది. వానలు మొదలైతే ఇటు సుక్మా లేదు, అటు కోంట లేదు, నీకు తెలుసు గదా. మళ్ల జ్వరం వస్తే? మళ్ల ఆ వాగు ఒడ్డునే బండి ఆపుకోవాల్నా?

అమ్మ ఉంటే అమ్మ కాడికి పోయేదాన్ని. నాకు పుట్టిల్లంటే నువ్వే. వానలకు ముందే నీ కాడికి వస్త. పురుడు అయినదాక ఒక మూల ఇయ్యి. బావను అడిగి రాయి.

సోమమ్మ


రాజమండ్రి
మార్చి 1944

సోమూ,

శుభవార్త విని సంతోషించాను. జాగ్రత్తగా ఉండు. బరువులెత్తకు.

ఇక్కడికి రావడం గురించి. ఊరు ఇదివరకులా లేదు. యుద్ధం మూలాన బియ్యానికి కటకటగా ఉంది, లాంచీలకీ నూనె దొరకడం లేదంటున్నారు. మశూచి కూడా తిరుగుతోంది. ఈ స్థితిలో అంత దూరం ప్రయాణం నీకు మంచిది కాదని నా ఉద్దేశం. మరిది గారితో నెమ్మదిగా మాట్లాడి జగదల్పూరు వెళ్ళే ఏర్పాటు చూసుకో.

మొన్న ఇంకో సినిమాకి వెళ్ళాం. ఒక ముసలి వైణికుడు, తన కోపానికి చనిపోయిన శిష్యుడి వీణకి రోజూ తీగలు సవరిస్తాడు గానీ వాయించడు. బాగానే ఉంది. వివరంగా తరవాత రాస్తాను.

భద్రమ్మ


దోర్నపాల్
ఏప్రిల్ 1944

భద్రక్కకు,

నీ ఉత్తరం అందింది. ఒక పక్క గూడ నిండలేదు. నేను మూల అడిగితే నువ్వు మశూచి అన్నవు. చిన్నప్పుడు నాకు అమ్మవారు పోసినప్పుడు నా పక్కల పండుకున్నదానివి నువ్వే. మర్చిపోయినవా?

ఇంకో సంగతి. కలప కొనడానికి రాజమండ్రి నుంచి ఒక గుమాస్తా వచ్చి మా డిపోల రెండు రోజులున్నడు. సినిమా పిచ్చోడు. మీ మరిది తలుపు మూయని తల్లి సంగతి ఎత్తిండు. ఆ గుమాస్తా ఆ బొమ్మ రెండుసార్లు చూసిండట. చివర తల్లి తాళం వేసుకొని పోదట అక్కా. కూతురు మొగుడితోటి, పిల్లతోటి జట్కాల దిగుతదట. అందరు కాళ్లమీద పడుతరట. ఒక పాట, హారతి, అయిపాయె. "తాళమా? తాళం ఎక్కడిదండీ?" అని ఆయన నవ్వుతుంటే, మీ మరిది నా దిక్కు చూసి, "మీ అక్క ఏ బొమ్మ చూసింది సోమూ?" అన్నడు. నాకు తల కొట్టేసినట్టయింది. నీ బొమ్మను పట్టుకొని నేను ఇంట్ల ఎన్ని మాటలు పడ్డనో, ఎంత ధైర్యం తెచ్చుకున్ననో నీకేం తెలుసు? ఆమె లేచి పోగలిగింది, నేను గూడ పోగలుగుత అనుకున్న. అది అబద్ధం. ఎందుకు చెప్పినవు?

ఆయనకు చెప్పిన. కడుపుతోటి ఉన్న అని. లేచి డిపోకు పోయి మంచి టేకు చెక్క ఏరి తెచ్చిండు. ఉయ్యాల చేస్తున్నడు. రోజూ పొద్దుగూకేదాక చిత్రిక పడుతడు. సుక్మా నుంచి కంపౌండరును ముందే తెచ్చి ఇంట్లనే పెట్టుకుంటడట. ఈసారి ఏమీ కానీయనంటడు. "శబరి మళ్ల వస్తున్నది" అంటడు. ఆ మాట అన్నప్పుడు ఆయన మొకం వెలుగుతది. నాకు మాత్రం భయమైతది. నా కడుపుల పెరిగేది ఎవరో ఏమో, ఇంకా పుట్టనే లేదు, దానికి అప్పుడే ఒక పోయిన పిల్ల పేరు, ఒక ఒడ్డు సిద్ధమైనయి.

చిత్రిక చప్పుడు వినలేక చెవులు మూసుకుంటున్న.

సోమమ్మ


రాజమండ్రి
మే 1944

సోమూ,

ఆ గుమాస్తా చెప్పిందే నిజం. నేను ఆ సినిమా చూడలేదు. సినిమా హాల్లో అడుగుపెట్టి ఏడాది దాటింది.

మీ బావ రెండో పెళ్ళి చేసుకున్నారు. మాకు పిల్లలు లేరుగా. నాతో చెప్పే చేసుకున్నారు, నేను ఒప్పుకున్నాను. పెళ్ళికి పసుపు కొట్టింది కూడా నేనే. ఆ పిల్ల చెడ్డదేం కాదు, నన్ను అక్కా అంటుంది. కానీ ఆ పిల్లకి నెల తప్పిన రోజునుంచి నా పెట్టె మా అచ్చు ప్రెస్సు వెనకున్న గదిలోకి మారింది. అన్నం అక్కడికే వస్తుంది. శుభకార్యం ఉన్న ఇల్లు, గొడ్రాలి కన్ను మంచిది కాదని అత్తగారు పైకే అంటుంది. మీ బావ వింటారు, వినలేదన్నట్టు వెళ్ళిపోతారు.

మా ప్రెస్సులో సినిమా పాటల పుస్తకాలు అచ్చవుతాయి. మడిచి దారంతో కుట్టేది నేను. ఒక్కో పుస్తకంలో ముందు కథ ఉంటుంది. మంచి పట్టులో ఆపేసి, "ఆపైన వెండితెర మీద చూడండి" అని ఊరుకుంటారు. తలుపు తీసి పెట్టుకుని తల్లి కూర్చుంది, ఆమె గతి ఏమైంది, చూడండి. నేనెక్కడికి పోయి చూడను? కుట్టుకుంటూ కుట్టుకుంటూ మిగతాది నేనే అల్లుకున్నాను. వీణ సినిమా కూడా అంతే. హాల్లో ఎవరూ కదల్లేదని రాశానే, నా గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను మరి.

నీకు అబద్ధం చెప్పాలని కాదు. నా గదికి గొళ్ళెం కూడా లేదు సోమూ. నన్నెవరూ బంధించలేదు. వీధి చివరిదాకా వెళ్ళాను రెండుమూడు సార్లు. ఎక్కడ నిలబడాలో తెలీక, ఎవరో చూస్తున్నారనిపించి, మళ్ళీ వచ్చి కుట్టుకుంటూ కూర్చున్నాను. నేను చెయ్యలేని పని ఆ తల్లి చేత చేయించాను. నువ్వు వచ్చి ఈ గది చూస్తావన్న సిగ్గుతో మశూచి అన్నాను. నీకివ్వడానికి నాకే ఒక మూల లేదు. నన్ను క్షమించు.

మీ బావి మనిషి గురించి నేను తొందరపడి రాశాను. వాడిది మొండితనం కాదు. అందరికీ నీళ్ళిస్తే ఏదో ఒక కడవలో తమ్ముడు పైకొస్తాడనుకుంటాడేమో. మరిది గారి ఉయ్యాల సంగతి చదివాక అర్థమైంది. ఆయన చెడ్డవాడు కాదు. కానీ ఆయన పక్కన ఉన్నంతకాలం నువ్వు ఆ వాగు ఒడ్డునే ఉంటావు.

అందుకని విను. కూనవరంలో లాంచీల రేవు దగ్గర పూటకూళ్ళ ఇల్లు నడిపే ఆవిడ మన ఊరామే. ప్రెస్సుకి వచ్చిన ఆవిడ బంధువు చేత అడిగించాను. వంటకి మనిషి కావాలట, వెనక ఒక గది ఇస్తుందట. నేను జూన్‌లో లాంచీ ఎక్కుతున్నాను. నువ్వు వానలకు ముందే కోంట చేరి పడవ మీద కూనవరం వచ్చెయ్. అక్కణ్ణించి భద్రాచలం దవాఖానకి నేను తీసుకెళ్తాను. ఈసారి రాస్తున్నది అల్లిన కథ కాదు.

అక్క
భద్ర


కోంట
జులై మొదటివారం, 1944

అక్కా,

ఇంటి నుంచి బయటపడ్డ. కానీ నీ దాక రాలేకపోయిన.

నీ ఉత్తరం ఈసారి ఆయనకు చదివి వినిపించలేదు. చేతికే ఇచ్చిన. ఆయన చదివిండు. మడిచి ఇచ్చి మళ్ల చిత్రిక తీసుకున్నడు.

"పోతున్న" అన్న.

"వానలు తగ్గినంక నేనే తీసుకపోత."

"వానలల్లనే గదా పుట్టేది."

"కంపౌండరును తెస్తనంటిని గదా సోమూ. చెప్పిన గదా, ఈసారి ఏమీ కానీయను."

"నువ్వు కానీయవు. నాకు తెలుసు. పాపను గూడ నువ్వు కానీయకుండ చూసినవు. వాగు నీ మాట వినలేదు. ఈసారి వింటదా?"

అంతకాలం ఆ మాట నా నోట రాలేదు. రాంగనే ఆయన చేతుల చిత్రిక ఆగిపోయింది. "నీ తప్పు లేదు" అన్న. "కోంట దిక్కు తిప్పినా పోయేది. నీ తప్పు కాదు, నా తప్పు కాదు. పోయింది. నేను మళ్ల ఆ ఒడ్డున కూచోను." ఆయన లేచి ఏటి దిక్కు పోయిండు. నందే మొగుడు ఆయతు బండి కట్టిండు. నేను ఎక్కేటప్పుడు ఆయన దూరంగ నిలబడి చూసిండు. ఆపలేదు. రాలేదు.

సగం తొవ్వల ఉండంగనే వాన పట్టుకున్నది. ఒకటే వాన. బండి బురదల దిగబడితే ఆయతును దాని కాడ ఉంచి, నాకు తోడొచ్చిన నందే, నేను దిగి నడిచినం. వాగులు బండి మీద కాకుండ, దుంగ తొలిచి చేసిన డొంగ పడవల దాటినం, పడవ అంచు పట్టుకొని నేను కండ్లు మూసుకున్న. కోంట చేరేసరికి శబరి ఒడ్లు కొట్టుకుంట పారుతున్నది. పడవలు ఆపిన్రు. కిందికి పోవడానికి లేదు. వెనక్కి వాగులు మూసుకున్నయి. నందే అక్క లక్మే ఇంట్ల ఉన్న. మంత్రసాని. చిన్న గుడిసె, ముందర నీళ్లు, ఎనక నీళ్లు. ఇంత దూరం వచ్చి మళ్ల అదే ఏటి ఒడ్డున పడ్డ అక్కా. పగలంత నీళ్లను చూసుకుంట కూచుంట. నీళ్లు తగ్గవు.

టపా మోసే మాసా మాత్రం గట్ల మీదుగ నడిచి కూనవరం పోతున్నడు. నువ్వు వచ్చినవో లేదో తెలవదు. పూటకూళ్ల ఇంటి పేరు మీద ఇస్తున్న.

సోమమ్మ


కూనవరం
జులై 1944

సోమూ, వచ్చాను. ఇక్కడే ఉన్నాను.

మాసా తడిసి ముద్దై వచ్చి నీ ఉత్తరం చేతిలో పెట్టాడు. గోదావరీ శబరీ కలిసిన చోట ఒకే సముద్రంలా ఉంది. నీకూ నాకూ మధ్య ఒక్క ఏరే, అయినా రాలేను. మాసా వెంట నడిచి వస్తానంటే పూటకూళ్ళామె నా చెయ్యి పట్టుకుని ఆపింది. వరద నీటిలో నడవడం నాకు చేతకాదని నాకూ తెలుసు.

ఇల్లు వదిలేటప్పుడు ఏమీ జరగలేదు. మీ బావ "ఎన్నాళ్ళు?" అని అడిగారు. తెలీదన్నాను. ఆ పిల్ల మాత్రం వీధిదాకా వచ్చి ఏడ్చింది.

భయపడకు. లక్మే చెప్పినట్టు విను. కాచిన నీళ్ళే తాగు. మాసా చేత క్వినైను, పాత చీర గుడ్డలు పంపుతున్నాను. రోజూ ఒక ముక్కైనా రాయి. ఉత్తరం రాని రోజు నాకు అన్నం దిగదు.

భద్ర


కోంట
ఆగస్టు 1944

భద్రక్కా,

ఆడపిల్ల. బాగున్నది. నేను బాగున్న. వారం నుంచి రాయలేదని అన్నం మానకు, చెయ్యి లేవలేదు, అంతే.

కాన్పు కష్టమైంది. ఒక దశల లక్మే మొకం చూసి నేను ఇగ లేననుకున్న. నందే నా వీపుకు తన వీపు ఆనించి కూచొని, "నొక్కు, నా మీద నొక్కు" అన్నది. పిల్ల ఏడ్చినంక నేను గూడ ఏడ్చిన. ఆ వాన చప్పుడు మొదటిసారి నాకు వాన చప్పుడులెక్కనే వినపడ్డది.

మూడో రోజు మీ మరిది వచ్చిండు. దోర్నపాల్ నుంచి నడిచే వచ్చిండు. మోకాళ్ల దాక బురద, కాళ్లకు గాయాలు. గుడిసె బయటనే నిలబడి, "ఉన్నరా?" అని అడిగిండు. ఏం పిల్ల అని గూడ అడగలేదు. ఇద్దరం ఉన్నమని నందే చెప్తే అక్కడనే బురదల కూలబడ్డడు.

పిల్లను చేతుల పెట్టిన. మొకం మీది గుడ్డ తొలగించి చూసిండు.

"శబరే. మళ్ల వచ్చింది" అన్నడు.

"కాదు" అన్న.

"ముక్కు చూడు. అదే ముక్కు. అదే పేరు పెడదాం."

"పెట్టను. ఆ పేరుగల మనిషి మనకు ఒకతె ఉన్నది. ఈమె వేరే. ఈమెను తీసుకపోయి ఆమె జాగల నిలబెట్టకు. ఆమెకు జాగ ఉండదు, ఈమెకు ఉండదు."

ఆయనకు కోపం వస్తదనుకున్న. రాలేదు. పిల్ల ఆయన వేలు పట్టుకున్నది. "మరి ఈమె ఎవరు?" అన్నడు, నిజంగ తెలవనట్టే. "నాకు గూడ తెలవదు. చూద్దాం" అన్న.

రెండు రోజులయినంక వాన విడిచింది. "ఇంటికి పోదాం" అన్నడు. నేను కూనవరం పోతున్న, అక్క ఎదురు చూస్తున్నది అని చెప్పిన. నువ్వు గూడ రా అన్న. బదిలీ అడుగు, లేకపోతే కొలువు మానుకో, అక్కడ కలప రేవు ఉన్నది, లెక్క రాయనొచ్చినోనికి పని దొరకదా అన్న.

ఏటి దిక్కు చూసిండు. "పాప ఒక్కతే ఉంటది" అన్నడు.

నేను తల్లిని కానా? నాకు తెలవదా ఆమె ఒక్కతే ఉంటదని? "ఉంటది" అన్న. "ఆమెకు ఇగ చలి లేదు, జ్వరం లేదు. ఈమెకు ఉన్నయి." ఆ మాట అనడానికి నాకు నోరు ఎట్ల వచ్చిందో. నేను బతిమిలాడలేదు. ఎదురు చూసుకుంట కూచుండేది లేదని మాత్రం చెప్పిన. ఈ మాట బొమ్మల గురించి కాదని ఇద్దరికీ తెలుసు.

నిన్న అన్నడు: "మీరు పోండి. నేను డిపో అప్పజెప్పి వస్త." వస్తడో రాడో నాకు తెలవదు. వస్తే మన గదిల జాగ ఉంటది గదా. రాకపోతే నువ్వు, నేను, ఈమె. నందే గూడ కూనవరం దాక వచ్చి పోతనంటున్నది.

పడవ రేపు తెల్లారి కదులుతది. ఈ ఉత్తరం మాసా ముందే తెస్తడు. రేవుకు గొడుగు తీసుకరా, పిల్లకు ఎండ పడుతది. పేరు పెట్టలేదు. నువ్వు చూసినంక ముగ్గురం కూచొని పెడదాం.

ఇది రాస్తుంటే వాకిట్ల నుంచి రేవు కనిపిస్తున్నది. మీ మరిది పడవల దిగి గడ్డి పరుస్తున్నడు. తడి లేని గడ్డి యాడ దొరికిందో, మోపు మీద మోపు తెస్తున్నడు. నాకు, పిల్లకు, నందేకు సరిపోయినంత ఎప్పుడో పరిచిండు. ఇంకా పరుస్తనే ఉన్నడు. ఎందుకని నేను అడగలేదు.

నీ
సోమూ